ఏడుగురిలో ఏడోవాడు

1981 నవంబర్ 8, ఆదివారం

ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఏడాదికి పందొమ్మిది వేల రెండు వందల డాలర్లు! ఈ ఊళ్ళో సిటీ బస్సు నడిపేవాడికి అంతకన్నా ఎక్కువ వస్తుంది. కాగితం మీద చూసి కూడా నమ్మలేక మళ్ళీ చూశాను. అంతే ఉంది.

అథ్లెటిక్ కమిటీలో నా పేరు వేసినప్పుడే డీన్ మీద ఒళ్ళు మండింది. ఫుట్‌బాల్‌కీ నాకూ ఏం సంబంధం? ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళయినా ఒక్క ఆట పూర్తిగా చూడలేదు. నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. "నీకు లెక్కలొచ్చు కదా" అన్నాడు. అదీ నా అర్హత.

మొన్న మొదటి మీటింగ్‌లో జీతాల జాబితా చేతికిచ్చారు. హెడ్ కోచ్ పేరు బ్రాకెట్, ఆయనకి అరవై ఒక్క వేలు. ఆదివారం టీవీలో కూర్చుని కబుర్లు చెప్పినందుకు వేరే. కారు ఊళ్ళో డీలరు ఊరికే ఇచ్చాడు. ఆయన కింద ఏడుగురు అసిస్టెంట్ కోచ్‌లు. కుర్రాళ్ళకి ఆట నేర్పేది వాళ్ళు, కొత్త కుర్రాళ్ళ కోసం మంచులో మూడు రాష్ట్రాలు కారేసుకుని తిరిగేది వాళ్ళు. ఒక్కొక్కరి ఉద్యోగం ఏడాది ఉత్తరం మీద నడుస్తుంది. మరుసటేడు ఉత్తరం రాకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఆ ఏడుగురిలో మా పక్కింటి వాల్ట్ క్రెబ్స్ ఒకడు. పందొమ్మిది వేల రెండు వందలు అతనివే. లైన్ కోచ్ అంటారు. ముందు వరసలో నిలబడే ఐదుగురు భారీ కుర్రాళ్ళకి తర్ఫీదిస్తాడట. నేను బోస్టన్ కాన్ఫరెన్స్‌లో ఉండగా మా అమ్మాయి రేణుకి అపెండిక్స్ పగిలితే, మోకాలి లోతు మంచులో తన ట్రక్కులో పిల్లనీ నా భార్య నళినినీ ఆసుపత్రికి చేర్చింది ఈ వాల్టే. అలాంటివాడికి ఇదా జీతం?

అసిస్టెంట్లు జీతాలు పెంచమని యూనివర్సిటీ బోర్డుకి ఉత్తరం రాశారట. ముందు ఎవరెంత పనిమంతులో తేల్చండి అంది బోర్డు. అథ్లెటిక్ డైరెక్టర్ హార్లన్ టేట్ నవ్వుతూ ఆ పని నామీద పెట్టాడు. సరే, తేలుస్తాను. లెక్కంటూ వేస్తే వాల్ట్ లాంటివాళ్ళకి న్యాయం జరిగి తీరుతుంది.

నవంబర్ 12

టేట్ ఆఫీసు నుంచి కాగితాలొచ్చాయి. ఒక్కో కోచ్ చేతికింద ఉన్న ఆటగాళ్ళు ఎన్ని గజాలు పరిగెత్తారు, ఎన్ని బంతులు పట్టారు, ఎంతమందిని కిందపడేశారు, ఒక్కో కోచ్ ఎంతమంది కొత్త కుర్రాళ్ళని తెచ్చాడు, అన్నీ వరసగా ఉన్నాయి. కొన్ని గళ్ళలో గీతలున్నాయి. టైపిస్టు బద్ధకం.

కాగితాల కోసం వెళ్ళినప్పుడు వాల్ట్ తన గదిలో సోఫా మీద గురక పెడుతున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకి! లేపలేదు.

నవంబర్ 16, సోమవారం

శని, ఆదివారాలు రెండూ కంప్యూటర్ సెంటర్‌లోనే. మెషిన్‌కి అంకెలు అందించే కార్డులు నేనే పంచ్ చేసుకున్నాను. ఎవరినీ నమ్మను. ప్రతి అంశానికీ మార్కులు, అన్నీ కలిపి నూటికి. వాల్తేరులో ఎం.ఎస్సీ. పరీక్షల టాబ్యులేషన్ మూడేళ్ళు చేసినవాణ్ణి, ఇదొక లెక్కా? ఈ దేశంలో అందరినీ "గ్రేట్ జాబ్" అని భుజం తట్టడమే గానీ ఎవడు ఫస్టో ఎవడు లాస్టో మొహాన చెప్పే ధైర్యం లేదు. నేను చెబుతాను.

నవంబర్ 19

ప్రింట్ వచ్చింది. ఎక్కడో తప్పు జరిగింది. మళ్ళీ నడపాలి.

నవంబర్ 20

మళ్ళీ అదే. ఆరోవాడికి యాభై ఎనిమిది మార్కులు. ఏడోవాడికి పదకొండు. ఏడోవాడు వాల్ట్.

నవంబర్ 24, మంగళవారం

ఇచ్చేశాను. స్నేహం స్నేహమే, లెక్క లెక్కే. మా ఇంటి పక్కనున్నాడని నలభై మార్కులు కలిపేస్తే నాకూ ఆ బ్రాకెట్‌కీ తేడా ఏముంటుంది? పగలు సోఫా మీద పడుకునేవాడికి పదకొండు రాక తొంభై వస్తాయా? నిజానికి నాకు వాల్ట్ మీదే కోపంగా ఉంది. మంచివాడు కదా అని పనిమంతుడనుకున్నాను. రెండూ ఒకటి కావు.

టేట్ ప్రింట్ పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశాడు. తరవాత లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

నవంబర్ 26, థాంక్స్‌గివింగ్

వాల్ట్ ఇంట్లో భోజనం. ప్రతి ఏడూ పిలుస్తారు. నళిని మాంసం తినదని డోరీన్ చిక్కుడుకాయలు వేరే గిన్నెలో వండి పెట్టింది. వాల్ట్ నా కంచంలో రెండోసారి వడ్డించాడు. తిన్నాను గానీ రుచి తెలియలేదు. జలుబు చేసినట్టుంది.

డిసెంబర్ 14, సోమవారం

వాల్ట్‌ని తీసేశారు.

పదకొండు ఆటల్లో ఎనిమిది ఓడిపోయారు. ఎవరో ఒకరి తల తెగాలని ఊరంతా అరుస్తోంది. బ్రాకెట్ తన తల భద్రంగా దాచుకుని వాల్ట్ తల చూపించాడు. పేపర్లో చదివాను: "అధ్యాపకుల స్వతంత్ర అధ్యయనం ఆధారంగా ఒక అసిస్టెంట్ ఒప్పందాన్ని పొడిగించడం లేదు. మొదటి ముగ్గురికి జీతం పెంచుతున్నాం." అధ్యాపకులట. బహువచనం! ఉన్నది నేనొక్కణ్ణే. పేరు వెయ్యలేదు, అదొక్కటే నయం.

నేను అడిగిందేమిటి, వీళ్ళు చేసిందేమిటి? జీతం పెంచడానికి జాబితా ఇమ్మంటే ఇచ్చాను. ఉద్యోగం ఊడగొట్టమని ఇచ్చానా? దొంగ వెధవలు!

నళిని పేపరు మడిచి పక్కన పెట్టి, "ఈ లెక్క మీరు వేసిందేనా?" అంది.

"లెక్క నాదే. తియ్యడం వాళ్ళది."

"నేనడిగింది మొదటిదాని గురించేనండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

డిసెంబర్ 15

వాల్ట్ వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర టోపీ తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి కుర్చీలో ఇరుకుపడ్డట్టు కనిపించాడు.

"ఏదో కంప్యూటర్ లెక్క వేసిందట, జగ్. నేను ఏడోవాణ్ణట. ఏడోవాణ్ణే కావచ్చు. కానీ పదకొండు మార్కులంటున్నారు. ఇరవై రెండేళ్ళుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆట ఫిల్ములు చూస్తున్నాను. మధ్యాహ్నం గంటసేపు పడుకుంటాను. మిగతా టైమంతా ఆ కుర్రాళ్ళతోనే. పదకొండు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కావడం లేదు."

నళిని కాఫీ పెట్టింది. నా వైపు చూడలేదు.

"నువ్వు ఆ కమిటీలో ఉన్నావుగా. నీకు కంప్యూటర్లు తెలుసు. ఆ లెక్క ఒకసారి చూసి పెడతావా నాకోసం?"

చూస్తానన్నాను. జగన్మోహన్ అనే ఈ పెద్దమనిషి, స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ, "చూస్తాను వాల్ట్" అన్నాడు. చెప్పేస్తే పోయేది. కానీ డోరీన్ బయట కారులో ఎదురుచూస్తోంది. అది చెప్పే సమయం కాదు.

డిసెంబర్ 22

వాల్ట్ మంచు తోస్తూ చెయ్యూపాడు. నేను గరాజ్‌లోకి వెళ్ళిపోయాను. అక్కడ పని ఉంది.

1982 జనవరి 1, శుక్రవారం

పొద్దుటినుంచీ రేణు టీవీ ముందే. కొత్త సంవత్సరం నాడు వరసగా ఫుట్‌బాల్. పన్నెండేళ్ళ పిల్లకి దీని పిచ్చి ఎవరు పట్టించారంటే, ఇంకెవరు, వాల్టే. నేనూ పక్కన కూర్చున్నాను.

తెర మీద ఎవడో పరిగెత్తుతుంటే వాడి పేరూ గజాలూ వేశారు. ఊరికే అడిగాను, ముందు వరసలో ఆ లావుపాటి ఐదుగురికి ఎన్ని గజాలొచ్చాయో వెయ్యరేమని.

రేణు నవ్వింది. "డాడీ! లైన్‌మెన్‌కి స్టాట్స్ ఉండవు. వాళ్ళు బాల్ టచ్ చెయ్యరు. వాళ్ళు బ్లాక్ చేస్తారు, అప్పుడే వెనకాల గై రన్ చేస్తాడు."

"అసలేమీ ఉండవా?"

"నథింగ్. పేపర్‌లో డాష్ పెడతారు. నువ్వు తెలీదా? అందరికీ తెలుసు. వాల్ట్ అంకుల్ చెప్పాడు, రన్నర్ పడకపోతే లైన్ బాగా చేసినట్టు, అంతే."

లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

గీతలు. టైపిస్టు బద్ధకం కాదు. ఆ గళ్ళలో రాయడానికి ఏమీ ఉండదు కాబట్టి గీతలు. ఐదుగురు దారి చేస్తే ఆరోవాడు పరిగెత్తుతాడు, గజాలన్నీ ఆరోవాడి ఖాతాలోకి, వాడి కోచ్ ఖాతాలోకి పోతాయి. దారి చేసినవాళ్ళకి గీత.

అయినా తప్పు మెషిన్‌ది. ఖాళీ వదిలితే దాన్ని సున్నాగా చదువుతుంది. అది అందరికీ తెలిసిన సంగతే.

జనవరి 2

కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళి కార్డుల కట్ట తీశాను. వాల్ట్ కార్డులు పైకెత్తి చూశాను.

ఖాళీ లేదు. సున్నా. సున్నా. సున్నా. ప్రతి కార్డు పైనా అచ్చుపడి ఉంది. నేనే కొట్టాను, నా వేళ్ళతో. ఎవరినీ నమ్మను కదా, నేనే పంచ్ చేసుకున్నాను కదా!

వాల్తేరులో అలాగే చేసేవాళ్ళం. పరీక్షకి రానివాడి గడిలో గీత ఉంటుంది. టాబ్యులేషన్‌లో ఆ గీతని సున్నా చేసి కూడెయ్యడమే. ఆబ్సెంట్ అంటే సున్నా. ఎందుకు రాలేదు, జ్వరమొచ్చిందా, ఆ పరీక్ష వాడికసలు ఉందా లేదా, ఎవడూ అడగడు. మూడేళ్ళు అలా కూడిన చెయ్యి ఇక్కడా అదే పని చేసింది. వాల్ట్ రాయని పరీక్షలో వాల్ట్‌ని ఫెయిల్ చేశాను. క్లాసులో మాత్రం మొదటి వారమే బోర్డు మీద రాస్తాను, లేని డేటా వేరు, సున్నా వేరు అని. సిగ్గు లేకపోతే సరి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మనుషుల్ని చూసి ఇన్నాళ్ళూ నవ్వాను.

ఆ గళ్ళు తీసేసి, అతనికి అంకెలున్న అంశాలతోనే నూటికి లెక్కగట్టి మళ్ళీ నడిపాను. వాల్ట్ రెండోవాడు.

జనవరి 5, మంగళవారం

టేట్ దగ్గరికి రెండు ప్రింట్లూ పట్టుకెళ్ళాను. నిలబడే చెప్పాను. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆయన అంతా విని, "తెలుసు, ప్రొఫెసర్" అన్నాడు.

"ఏం తెలుసు?"

"లైన్‌మెన్‌కి నంబర్లుండవని స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీకు ఫుట్‌బాల్ తెలియదనేగా మిమ్మల్ని అడిగింది."

ఎంత తాపీగా చెప్పాడు! మొహాన ఉమ్మేసినా అంత మంట ఉండేది కాదు. బోర్డుకి జీతాల ఉత్తరం రాసింది వాల్టట. మిగతా ఆరుగురి చేతా సంతకాలు పెట్టించింది వాల్టట. బ్రాకెట్ మూడు నెలలుగా దారి వెతుకుతున్నాడు. ఆ దారి నేనే తవ్వి, నేనే చదును చేసి, నా డిగ్రీ పరిచి ఇచ్చాను.

"మోసం చేశారు నన్ను" అని అరిచాను. బయట సెక్రటరీ టైపింగ్ ఆగిపోయింది.

"మేం గీతలు పెట్టి పంపించాం" అన్నాడు టేట్. "సున్నాలు మేం పెట్టలేదు. అవి మీవి. మీ ప్రమోషన్ ఫైల్ ఈ స్ప్రింగ్‌లోనే కదా డీన్ దగ్గరికి వెళ్ళేది? చలి బాగా ఉంది, జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యండి."

కారు ఎక్కడ పెట్టానో మరిచిపోయి బిల్డింగ్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. భయంతో కాదు. భయంతో అయితే మాత్రం ఏం?

జనవరి 10, ఆదివారం

బయట మైనస్ ఇరవై ఆరు. ట్రక్కు స్టార్ట్ కాక వాల్ట్ అవస్థ పడుతుంటే కిటికీ లోంచి చూశాను. బ్యాటరీకి తగిలించే కేబుళ్ళు నా గరాజ్‌లో ఉన్నాయి. నళిని పట్టుకెళ్ళి ఇచ్చింది.

నేపర్‌విల్ నుంచి నా పాత స్నేహితుడు రామమోహనరావు ఫోన్. సంగతంతా చెప్పాను. "తెల్లాళ్ళ గొడవ మనకెందుకండీ? ఫైల్ లోపలుండగా నోరెత్తుతారా ఎవరైనా? అతనికేం, ఇంకో ఊళ్ళో దొరుకుతుంది. కోచ్‌లకి మామూలే అది" అన్నాడు. నిజమే అనిపించింది. అలా అనిపించినందుకు ఫోన్ పెట్టేశాక ఎంత అసహ్యం వేసిందో!

జనవరి 17

బోర్డు మీటింగ్ 29న. మాట్లాడతానని కాగితం పంపాను. పంపాక వెనక్కి తెచ్చుకుందామని రెండుసార్లు మెయిల్‌రూమ్ దాకా వెళ్ళొచ్చాను.

వాల్ట్‌కి ముందు చెప్పాలి. బోర్డు దగ్గర సరిచేశాక చెబుతాను. ఉత్త చేతులతో వెళ్ళి ఏం చెప్పను?

జనవరి 29, శుక్రవారం

చెప్పాను. పదకొండు మంది ముందు చెప్పాను. లెక్క తప్పు, తప్పు నాది, వాల్ట్ క్రెబ్స్ రెండోవాడు, ఆ పని అంకెల్లో కనపడదు, కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. గొంతు బాగానే పలికింది. టేట్ గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. బ్రాకెట్ రానే లేదు.

చైర్మన్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "థాంక్యూ, ప్రొఫెసర్. మీ నిజాయితీకి సంతోషం. అంటే ఈ అధ్యయనం చెల్లదన్నమాట."

"చెల్లదు."

"అలాంటప్పుడు దాని ఆధారంగా ముగ్గురికి పెంచిన జీతాలు కూడా చెల్లవు కదా?"

చేతిలో ప్రింట్లు రెండూ మడిచాను.

"ఇక మిస్టర్ క్రెబ్స్ విషయం. ఎవరి ఉత్తరం పొడిగించాలన్నది హెడ్ కోచ్ ఇష్టం. దానికి ఏ లెక్కా అక్కర్లేదు. తరవాతి అంశం, పార్కింగ్."

పార్కింగ్! మనిషి బతుకు తరవాత వాళ్ళకి పార్కింగ్. చేతులెత్తారు, దింపారు, నిమిషంలో అయిపోయింది. బాగుచెయ్యబోయి ఇంకో ముగ్గురి నోటి దగ్గర కూడు లాగేశాను. పెంచిన డబ్బు మళ్ళీ ఖజానాలోకి. కోచ్‌లు జీతాల కోసం రాసిన ఆ ఉత్తరం వల్ల చివరికి లాభపడింది ఎవరయ్యా అంటే యూనివర్సిటీ.

ఫిబ్రవరి 3

గ్రోసరీ స్టోర్‌లో ఇద్దరు కోచ్‌ల భార్యలు నళినిని చూసి బండి తిప్పుకుని పోయారట. ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో పోస్తూ చెప్పింది.

"వాల్ట్‌కి చెప్పారా?"

"ఈ వారం చెబుతాను."

"డిసెంబర్ నుంచీ ఈ వారమే అంటున్నారు."

"నేనేం ఖాళీగా ఉన్నానా? బోర్డు ముందు నిలబడ్డది ఎవరు? నువ్వా?" అని అరిచాను. రేణు మెట్ల మీద నిలబడి వింది. తన గదిలోకి వెళ్ళిపోయింది. ఏదైనా అంటే బావుండేది.

ఫిబ్రవరి 9

ఫైల్ ఈ ఏడు కాదన్నాడు డీన్. కారణం అడగలేదు. ఎదిరించి నష్టపోయానని కాసేపు గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం వాల్ట్ ఇంటి ముందు "అద్దెకు" బోర్డు చూసేదాకానే.

ఫిబ్రవరి 20, శనివారం

వాల్ట్ వాళ్ళు వెళ్ళిపోయారు. అయోవాలో ఏదో హైస్కూల్. పిల్లలకి డ్రైవింగ్ నేర్పాలి, సాయంత్రాలు కోచింగ్. జీతం పదిహేడు వేలు.

పొద్దున ట్రక్కు సర్దుతుంటే వెళ్ళాను. ఇంక వెళ్ళక తప్పదు. డోరీన్ నన్ను చూసి లోపలికి పోయింది. వాల్ట్ ఒక పెట్టె ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అలా పట్టుకుని ఉండగానే చెప్పేశాను. గీతలు, సున్నాలు, కార్డులు, టేట్, బోర్డు, అన్నీ. లోపల తెలుగులో ఏడుస్తూ పైకి ఇంగ్లీషులో చెప్పాను.

పెట్టె ట్రక్కులో పెట్టి వచ్చాడు.

"నాకు తెలుసు, జగ్. బోర్డు మీటింగ్ మర్నాడే మావాళ్ళొచ్చి చెప్పారు. మూడు వారాలైంది."

"మరి నువ్వు..."

"నువ్వొస్తావని చూశాను."

ఏం చెప్పను? వాళ్ళు మోసం చేశారన్నాను. నాకు ఆట తెలియదని తెలిసే నన్ను పెట్టారన్నాను. తప్పు కనిపెట్టగానే సరిచెయ్యడానికి వెళ్ళానన్నాను. ప్రమోషన్ పోయిందని కూడా అన్నాను, ఛీ, అది కూడా అన్నాను. వాల్ట్ అడ్డు చెప్పకుండా అన్నీ విన్నాడు. కోప్పడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొడితే బావుండునని కూడా అనుకున్నాను.

చివరికి మా గుమ్మం వైపు చూసి, తన గుమ్మం వైపు చూసి, "నీ ఇంటికీ నా ఇంటికీ ఎంత దూరముంటుంది, జగ్?" అన్నాడు.

"నలభై అడుగులు" అన్నాను.

వాల్ట్ తలూపాడు. నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసి, ట్రక్కెక్కాడు. డోరీన్ వచ్చి పక్కన కూర్చుంది. వెళ్ళిపోయారు.

అతనడిగింది దూరం కాదని ఇంట్లోకి వచ్చి షూస్ విప్పుకుంటుంటే అర్థమైంది. "నువ్వు చేసే పనేమిటి, వాల్ట్?" అని ఒక్క మాట వచ్చి అడగలేకపోయావా అన్నాడు. నేను దానికీ లెక్కే చెప్పాను.